మెరవని అతుకుల మీద అనుమానం

నాకు అనుమానం ఎక్కువ. ఇది మా ఇంటావిడ మాట. నేను దాన్ని జాగ్రత్త అంటాను. సీలు తీయని మందు సీసానైనా వెలుతురుకి ఎత్తి చూడందే గొంతులో పోసుకోను. మా మామగారిది దుగ్గిరాల. అక్కడి యార్డులో పసుపు కొనేవాళ్ళు కొమ్ముని పైపైన చూసి ఊరుకోరు, ఫెళ్ళున విరిచి లోపలి రంగు చూస్తారు. పెళ్ళయిన కొత్తలో అది చూసి, మనిషంటే ఇలా ఉండాలి అనుకున్నాను. తెనాలిలో ముప్పై ఏళ్ళుగా రేడియోలు, టీవీలు, ఇన్వర్టర్లు, రొయ్యల చెరువుల మీది మోటారు పెట్టెలు బాగుచేస్తున్నాను. ఏ పెట్టె మూత తీసినా నాకు ముందొచ్చే ఆలోచన ఒకటే. నాకంటే ముందు దీన్ని ఎవడు విప్పాడు? ఏం పీకాడు?

నేను పుట్టింది రేపల్లె దిగువన సముద్రం ఒడ్డు పల్లెలో. మా వాళ్ళంతా వేటకి వెళ్ళేవాళ్ళు. నాకు మాత్రం బోటు ఎక్కితే చాలు, కాలవ సముద్రంలో కలిసే మొగ దాటకముందే పేగులు నోట్లోకొచ్చేవి. వీడు సముద్రానికి పనికిరాడని మా నాన్న తేల్చేసి, తెనాలిలో రేడియోలు బాగుచేసే ఒక పెద్దమనిషి దగ్గర కూర్చోబెట్టాడు. ఆయనే మా గురువుగారు.

ఆయన నాకు రెండు సంగతులు నేర్పారు. ఒకటి అతుకుని చూసే పద్ధతి. బోర్డు మీద ఉండే ప్రతి భాగం కాలునీ రాగి దారికి పట్టి ఉంచేది కరిగించి పోసిన సోల్డరే. మంచి అతుకు చల్లారాక అద్దంలా మెరవాలి. బూడిదరంగులో గరుకుగా కనిపించిందంటే లోపల పట్టు లేదని అర్థం. దాన్ని డ్రై సోల్డర్ అంటాం. చూడటానికి అతుక్కున్నట్టే ఉంటుంది, అదను చూసి చెయ్యిస్తుంది.

రెండోది చుక్క. ఎవరు చేసిన అతుకు పక్కన వాళ్ళు గోళ్ళరంగుతో చిన్న చుక్క పెట్టాలి. నాది ఎరుపు. నాకంటే ఓ నాలుగేళ్ళు చిన్నవాడు, నాతోపాటు అదే బల్ల దగ్గర పని నేర్చుకున్నవాడు ఒకడున్నాడు. తర్వాత బాపట్ల వెళ్ళి అక్కడే షాపు పెట్టుకున్నాడు. వాడిది ఆకుపచ్చ. ఒకరి చుక్క ఉన్న అతుకుని ఇంకొకరు అడక్కుండా కదిలించకూడదు. గురువుగారు పోయినా ఆ నియమం మా ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

కొన్నేళ్ళకి సీసం లేని సోల్డరు వచ్చింది. మా బజారులో సోల్డరు తీగని లెడ్డు అనే అడుగుతారు, లెడ్డంటే సీసమే. షాపతను "ఇది లెడ్డు లేని లెడ్డండి" అని చుట్ట చేతిలో పెట్టేసరికి, ఉప్పు లేని ఉప్పు అమ్ముతున్నాడనుకుని నవ్వాను. సీసం ఒంటికి విషమనీ, పాత పెట్టెలు చెత్తలో పడితే అది నీళ్ళలోకి దిగుతుందనీ, ఫ్యాక్టరీల సరుకు ఇప్పుడు దాదాపు దీంతోనే వస్తోందనీ చెప్పాడు. ఇందులో ఉండేది తగరం, చిటికెడు వెండి, చిటికెడు రాగి. వినడానికి నగల కొట్టులా ఉంది. ఇంటికి తెచ్చి వాడితే కదా దాని అసలు బుద్ధి తెలిసింది! పాతది కరిగే వేడికి ఇది కరగదు. ఇంకో ముప్పై నలభై డిగ్రీలు కావాలంటుంది. అంత వేడి పెడితే పలచటి రాగి దారి బోర్డు మీంచి లేచిపోతుంది. కరిగాక కూడా చెప్పినచోటికి పారదు. చల్లారాక చూస్తే బూడిద మొహం. కింద పడితే పగులుతుందని ఒకరన్నారు. ఉత్త తగరం పూతల మీద ఏళ్ళు గడిచేసరికి వెంట్రుకల్లాంటి తీగలు మొలిచి పక్క కాలుని తగులుకుంటాయని ఇంకొకరన్నారు. లోహానికి వెంట్రుకలు మొలవడమేంటండీ! నాకు ఒళ్ళు మండి ఆ చుట్టని సొరుగులో పడేశాను.

బాపట్లవాడు మాత్రం పూర్తిగా దానికే మారిపోయాడు. వాడి ఇంటి ముందుగదే షాపు. "సీసం పట్టుకున్న చేతుల్తో పిల్లల్ని ఎత్తుకోవడం ఎందుకన్నయ్యా" అన్నాడు. అతుకులు మెరవటంలేదు కదరా అంటే, "దాని రంగే అంత. మెరవకపోయినా పట్టు ఉంటుంది" అన్నాడు. గురువుగారు వింటే నిన్ను బల్ల మీంచి లేపేవారు అని కసిరాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు కూడా నాకు అనుమానంగానే ఉండేది.

మా అక్కని మా పల్లెలోనే ఇచ్చారు. బావకి సొంత బోటు ఉంది. అరవై దగ్గరపడుతున్నా బోటు నడిపే సరంగు తనే. ఆ బోటు కేబిన్లో ఒక వైర్‌లెస్ సెట్టు ఉంది. ఒడ్డు దాటి కాస్త లోపలికి పోతే ఫోన్లు పనిచేయవు. ఆ తర్వాత పక్క బోట్లతోనైనా, రేవులో ఉన్నవాళ్ళతోనైనా మాట్లాడాలంటే ఆ సెట్టే దిక్కు. మూడేళ్ళ కిందట అది ఆగి ఆగి పలుకుతోందని నా దగ్గరికి తెచ్చారు. బ్యాటరీ వైరు తగిలించే సాకెట్టు దగ్గర అతుకు వదులైంది. మీద కాస్త సోల్డరు వేసి, చుక్క పెట్టి పంపించాను. మళ్ళీ నిక్షేపంగా పలికింది. పోయినేడు దాని తెర మీద అంకెలు కనిపించకుండా పోయాయి. బావ బాపట్ల పక్కన కర్లపాలెంలో ఏదో పెళ్ళికి వెళ్తూ దాన్ని బాపట్లవాడికిచ్చాడు. వాడు బాగుచేసి ఇచ్చాడు. నన్ను కాదని అక్కడ ఇవ్వడం నాకు నచ్చలేదు. పైకి అనలేదు, లోపల మాత్రం పెట్టుకున్నాను.

ఈ వేసవిలో, ఏటా సర్కారు పెట్టే వేట నిషేధం మొదలవడానికి ముందు ఆఖరి ట్రిప్పులో, బోటు ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. ఎవరినైనా పిలుద్దామని బావ సెట్టు అందుకుంటే అది మూగబోయి ఉంది. ఆరుగురు మనుషులు ఒక పగలూ ఒక రాత్రీ ఎటు కొట్టుకుపోతున్నారో తెలియకుండా ఉన్నారు. ఇక్కడ మా అక్క రేవులో వైర్‌లెస్ ఉన్న గదిలో కూర్చుని, మైకు పట్టుకుని పిలుస్తూనే ఉందట. తెల్లారాక వేరే రేవు బోటువాళ్ళు, కర్రకి కట్టిన ఎర్ర లుంగీ చూసి తాడు వేసి లాక్కొచ్చారు.

రెండు నెలల నిషేధం మొదలయ్యాక అక్క సెట్టుని తువ్వాల్లో చుట్టుకుని తెనాలి వచ్చింది. మనిషి సగమైపోయింది.

"నిషేధం అయిపోగానే మళ్ళీ వెళ్తాడురా మీ బావ. వద్దంటే వింటాడా? నాకు వేరే ఏమీ అక్కర్లేదు, ఇది పలకాలి. పలుకుతుందా పలకదా, అదొక్కటి చెప్పు" అంది.

"నా చేతిలో పడ్డాక పలక్క ఏం చేస్తుందక్కా" అన్నాను.

బల్ల మీద పెట్టి కరెంటు ఇస్తే, అప్పుడే పలికింది! ఏ రోగమూ లేదు. ఫ్యాను కింద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆన్ చేసి ఉంచినా గురగుర శబ్దం ఆగలేదు. అప్పుడు మూత తీశాను. లోపల ఆకుపచ్చ చుక్కలు, ఒకటీ రెండూ కాదు, తొమ్మిది. ప్రతి చుక్క పక్కనా బూడిదరంగు అతుకు. "దొరికావురా" అని పైకే అన్నాను. లోపలి గదిలోంచి మా ఆవిడ ఎవరండీ దొరికింది అని అడిగింది కూడా.

బోర్డు మూలన సాకెట్టు దగ్గర నా పాత ఎర్రచుక్క ఉంది. దాని పక్కన మూడేళ్ళ కిందటి నా అతుకు ఇంకా తళతళలాడుతోంది. ఇదీ పనంటే, అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, దాన్ని చూసి కాస్త పొంగిపోయాను కూడా.

వాణ్ణి అడగాలన్న నియమం గుర్తురాకపోలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడని అడగలేదు. సోల్డరింగ్ ఐరన్ వేడి బాగా పెంచి తొమ్మిది అతుకుల్నీ కరిగించి, ఆ సోల్డరంతా పీల్చి పారేసి, నా సీసం సోల్డరుతో కొత్తగా పోశాను. ఆకుపచ్చ చుక్కల్ని బ్లేడుతో గీకి ఎర్రవి పెట్టాను. తెర కింద, చుక్క పెట్టే చోటు కూడా లేని వాడి అతుకుల వరస ఒకటి మాత్రం నా ఐరన్ దూరక వదిలేశాను. అక్కకి ఫోన్ చేసి, "దరిద్రం వదిలింది, బావని తీసుకెళ్ళమను" అని చెప్పాను.

నిషేధం ముగియడానికి ఇంకా నాలుగు రోజులుందనగా బావ బోటుని సిద్ధం చేసుకుంటూ, ఇంజను వేసి కాలవలోనే ఒక చుట్టు తిప్పి చూశాడు. ఇరవై నిమిషాలు పలికిన సెట్టు ఆ తర్వాత చచ్చిపోయింది. మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"పలకలేదురా" అంది. ఫోన్ పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

నా కోపమంతా బాపట్ల వైపు తిరిగింది. వెంటనే వాడికి ఫోన్ చేసి కడిగేశాను. "మా బావ ప్రాణాల మీదకి తెచ్చావు కదరా! నీ దిక్కుమాలిన సోల్డరు, నువ్వూ! ఎన్ని దారులు కాల్చి తగలేశావో నీకైనా తెలుసా? అసలు లోపలి భాగాలైనా ఉన్నాయా, మార్చేశావా?" ఇంకా చాలా అన్నాను. ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. ముప్పై ఏళ్ళ పరిచయంలో వాడు ఒక్క స్క్రూ కూడా మార్చి ఎరగడు.

వాడు అంతా విని, "సెట్టు తీసుకుని రండన్నయ్యా. తిట్టడానికైనా రండి" అన్నాడు.

మర్నాడు అక్క రేపల్లె రైల్లో తెనాలి వచ్చింది. ఇద్దరం బాపట్ల రైలెక్కాం. సెట్టుని పసిపిల్లని పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడుగునా నేను ఆమెకి జాగ్రత్తలు చెబుతూనే ఉన్నాను. వాడు మన కళ్ళెదుటే విప్పాలి, లోపలికి తీసుకెళ్తానంటే ఒప్పుకోవద్దు, మాటలతో మాయచేస్తాడు.

"మీ తగువు నాకెందుకురా. నాకది పలకాలి" అంది అక్క, కిటికీలోంచి చూస్తూ.

వాడి భార్య గుమ్మంలోకొచ్చి "రండి బావగారూ, రండి వదినా" అంటూ మంచినీళ్ళిచ్చింది. అక్క తాగింది. నేను గ్లాసు పక్కన పెట్టేశాను.

వాడు మూత తీశాడు. తన తొమ్మిది అతుకుల చోట నా తొమ్మిది ఎర్రచుక్కలు కనిపించాయి. ఒకచోట గీకగా మిగిలిన ఆకుపచ్చ మరకని గోరుతో తడిమాడు.

"తీసేశారా అన్నయ్యా?"

"తీయక? హారతివ్వమంటావా?"

"సరే" అన్నాడు. "మీ బల్ల మీద ఎందుకు పలుకుతోందో ఆలోచించారా? మీ బల్ల కదలదు. మీ బల్లకి ఎండ తగలదు. బోటులో ఇది పొద్దంతా ఇంజనుతో వణుకుతుంది, కేబిన్ రేకు కింద ఉడుకుతుంది. దీనికి అది చూపించాలి" అన్నాడు.

"ఇక్కడ ఇంజనెక్కడిదిరా నీకు?"

వంటింట్లో వాడి భార్య మినప్పప్పు రుబ్బుతోంది. వాడు సెట్టు తీసుకెళ్ళి, మూత లేకుండానే, సైకిల్ ట్యూబు ముక్కతో గ్రైండరు పక్కకి కట్టాడు. వేడిగాలి కొట్టే గన్ను దూరం నుంచి పట్టుకున్నాడు. "నా పిండిలో మీ ఇనుప ముక్క ఒక్కటి పడిందంటే ఊరుకోను" అని ఆవిడ కేకలేసింది. నాకు ఇదంతా గారడీలా కనిపించింది. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. గ్రైండరు తిరుగుతోంది, సెట్టు గురగురమంటోంది. పావుగంట పైన గడిచాక ఆ గురగుర ఒకసారి తెగి, మళ్ళీ అందుకుని, పూర్తిగా ఆగిపోయింది.

అక్క దిగ్గున లేచింది. "ఇదేరా! కాలవలో కూడా ఇలాగే పోయింది."

వాడు చీపురు పుల్ల ఒకటి తుంచి, దాని కొసతో అతుకుల్ని ఒక్కొక్కటే నొక్కి చూద్దామన్నాడు. లోపం ఉన్న అతుకు నొక్కగానే సెట్టు పలుకుతుంది. ఇది గురువుగారి పద్ధతే. "నువ్వు కాదు" అని పుల్ల లాక్కున్నాను. ముందు తెర కింద మిగిలిపోయిన వాడి బూడిదరంగు వరస నొక్కాను. గట్టిగానే నొక్కాను. ఏమీ లేదు. నేను కొత్తగా పోసినవి నొక్కాను. ఏమీ లేదు. బోర్డంతా తిరిగాను. చెమటలు పట్టాయి. వాడు చేతులు వెనక్కి పెట్టుకుని చూస్తున్నాడు.

"ఆ మూలది చూడలేదేంట్రా?" అంది అక్క.

"అది బాగానే ఉందక్కా."

"బాగుంటే ఒకసారి నొక్కితే పోయేదేముంది?"

నొక్కాను. సెట్టు ఒక్కసారిగా గురగురమంది. పుల్ల తీశాను. ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. పలికింది. తళతళలాడే అతుకు, పక్కన నా ఎర్రచుక్క. నాకు తల కొట్టేసినట్టయింది.

వాడు భూతద్దం తెచ్చి ఇచ్చాడు. పైనంతా నున్నగా అద్దంలా ఉంది. పక్కకి వంచి చూస్తే, ఆ మెరుపు కింద సాకెట్టు కాలు చుట్టూ వెంట్రుకవాసి పగులు గుండ్రంగా తిరిగి ఉంది. కింద ఉన్నది ఫ్యాక్టరీవాళ్ళు పోసిన సీసం లేని సోల్డరు. మూడేళ్ళ కిందట పగిలింది అదే. ఆ రోజు నా ఐరన్ వేడికి అది కరగనే లేదు. నేను వేసిన సీసం సోల్డరు మాత్రం కరిగి, పగులు మీద టోపీలా కూర్చుంది. నెర్ర విచ్చిన గోడకి సున్నం కొట్టి వచ్చినట్టు చేశాను నేను. వణుకుకీ ఎండకీ అది లోపల్లోపల విచ్చుకుంటూ పోయింది. పగిలింది వాళ్ళది, కనపడకుండా దాచింది నేను.

"ఎవరు చేశారది?" అని అక్క అడిగింది.

వాడు గబుక్కున అందుకున్నాడు. "ఉప్పుగాలి కదక్కా, ఎవరు చేసినా..."

"నేనే అక్కా" అన్నాను. అని ఊరుకున్నానా? లేదు. నా బుద్ధి ఎక్కడికి పోతుంది! వాడి వైపు తిరిగి, "మరి పోయినేడు నువ్వు విప్పినప్పుడు ఈ సాకెట్టు చూడలేదా? చూసి కూడా వదిలేశావా?" అని నిలదీశాను.

"చూశానన్నయ్యా. పక్కన మీ చుక్క ఉంది కదా. ఇక అనుమానమెందుకని మూత పెట్టేశాను" అన్నాడు.

ఆ మాటలో ఎక్కడైనా ఎత్తిపొడుపు ఉందేమోనని వాడి మొహంలోకి చూశాను. లేదు. వాడి చుక్కలు చూసి నేను తొమ్మిది అతుకులు పీకాను. నా చుక్క చూసి వాడు ఒక్క అతుకు కూడా ముట్టుకోలేదు. మధ్యలో ఆరుగురు మనుషులు సముద్రంలో కొట్టుకుపోయారు. గ్రైండరు అప్పటికి ఆగింది. ఆ వంటింట్లో నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కన పెట్టేసిన గ్లాసు తెచ్చుకుని నీళ్ళు తాగాను.

ఐరన్ కోసం చెయ్యి చాచాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వొద్దురా. ఈసారి వాణ్ణి చెయ్యమను" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది.

వాడు సాకెట్టు చుట్టూ బోర్డుని ముందు వెచ్చబెట్టాడు. నాదీ ఫ్యాక్టరీదీ మొత్తం పీల్చేసి, రాగి కనపడేదాకా తుడిచి, కొత్తది పోశాడు. "సీసం ఉన్నదైనా లేనిదైనా ఏదో ఒకటే ఉండాలన్నయ్యా. కిందది కరక్కుండా పైన ఇంకొకటి పోస్తేనే ఈ తంటా" అన్నాడు. తన సోల్డరుని వెనకేసుకురాలేదు. "ఇదీ శాశ్వతమేం కాదక్కా. ఇది గట్టిది, దెబ్బ తగిలితే చిట్లుతుంది. కేబిన్లో సెట్టు కింద మందంగా రబ్బరు వెయ్యమనండి. ఆర్నెల్లకోసారి విప్పి చూడాలి" అని చెప్పాడు. నేను ముప్పై ఏళ్ళలో ఎవరికీ అలా చెప్పలేదు. నా చేతి మీదుగా వెళ్ళింది జన్మలో తిరిగిరాదనే చెప్పేవాణ్ణి.

మళ్ళీ గ్రైండరుకి కట్టాం. ఈసారి పిండి అయిపోయినా ఆవిడ ఖాళీ గ్రైండరే తిప్పింది. గంట సేపు పలికింది.

వాడు ఆకుపచ్చ సీసా మూత తీసి నా చేతికిచ్చాడు. "మీరు పెట్టండన్నయ్యా." పెట్టాను. చుక్క కాస్త సాగింది. నా ఎర్రచుక్కని బ్లేడుతో గీకబోతే ఆపాడు. "ఉండనివ్వండి. గురువుగారు చుక్క ఎందుకు పెట్టమన్నారో మర్చిపోయారా?"

మర్చిపోలేదు. మొదటి రోజే అడిగాను నేను. నీ తప్పు రేపు నీకే దొరకాలి కదరా, అన్నారాయన.

తిరుగు రైల్లో అక్క తువ్వాలు విప్పి, రేకు సందులోంచి ఆ మూలకి చూసింది. "మెరవటంలేదేంటిరా?" అంది భయంగా.

"మెరవదక్కా. దాని రంగే అంత."

నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. పెట్టెలు విప్పేటప్పుడు నేను చూసే చూపే అది.

నిషేధం ముగిసిన రోజు తెల్లవారుజామున బావ బోటు మొగ దాటింది. ఆ రోజంతా నేను ఏ పెట్టెనీ విప్పలేదు. ఫోను బల్ల మీద పెట్టుకుని, సిగ్నలు ఉందో లేదో చూసుకుంటూ కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకి అక్క ఫోన్ చేసింది.

"పలికాడురా! ఇంజను వేడెక్కాక కూడా పలికాడు. మాట గణగణమని వినపడింది" అంది. ఏడుస్తోంది.

"హమ్మయ్య" అన్నాను. "బాపట్లకి నేను చెబుతాలే."

"వాడికి ఇందాకే చెప్పాన్రా" అంది అక్క. "ముందు వాడికే చేశాను."